షుగర్ ఉన్నవారి గుండె కండరానికి మూలకణ చికిత్స: ఒప్పుకొనే ముందు చేయవలసిన పనులు

మా బావగారికి పదహారేళ్ళుగా షుగర్ ఉంది. రెండేళ్ళ క్రితం ఒకరోజు గాజువాకలో బస్సు ఎక్కి మద్దిలపాలెంలో దిగిన ఆయన, నాలుగడుగులు వేసేసరికి ఆయాసం వచ్చి బస్‌స్టాప్‌లోనే కూలబడిపోయారు. ఎకో తీయిస్తే గుండె పంపింగ్ 28 శాతమే ఉందని, కండరం బలహీనపడి ఎడమ గది సాగిపోయిందని చెప్పారు. ఆ కబురు బంధువులకు తెలిసిన వారంలోపే, వేరే ఊళ్ళో ఒక ప్రైవేటు క్లినిక్ ఉందని, అక్కడ స్టెమ్ సెల్స్ (మూలకణాలు, అంటే ఇతర రకాల కణాలుగా మారగల కణాలు) ఎక్కిస్తే గుండె మళ్ళీ కొత్తదవుతుందని, కొన్ని లక్షలు సర్దుకుని వెళ్ళమని ఒకరు ఫోన్ చేశారు. మా అక్క గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. పదహారేళ్ళు షుగర్‌లో నానిన ఒంటి నుంచి తీసే కణాలు ఆరోగ్యవంతుడి కణాల్లాగే పనిచేస్తాయా అని మేము ఆ క్లినిక్ వారిని అడిగాం. జవాబు రాలేదు. ప్యాకేజీ ధర మాత్రం మళ్ళీ చెప్పారు.

మేము వెళ్ళలేదు. విశాఖలో మా ఇంటిలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయని తెలుసు కనుక, ఆ ప్రశ్నకు జవాబును, ఆ జవాబు ప్రకారం ఇంటివాళ్ళు చేయవలసిన పనులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది మీ డాక్టరుగారి సలహాకు బదులు కాదు. ఆయన ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలియడానికి ఉపయోగపడుతుంది.

ముందు జబ్బు పేరు తెలుసుకోండి

మన ఇళ్ళలో "గుండె వాపు", "గుండె పెద్దదైంది", "పంపింగ్ తగ్గింది" అనే మాటలతో సరిపెట్టుకుంటాం. ఆ మాటల కింద వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. గుండె రక్తనాళాల్లో బ్లాకుల వల్ల కండరం దెబ్బతింటే అది ఒక జబ్బు. బ్లాకులు లేకుండానే కండరం పలచబడి గది సాగిపోతే అది డైలేటెడ్ కార్డియోమయోపతి అనే మరో జబ్బు. రెండోదానికి వంశపారంపర్యం, వైరస్, మద్యం, థైరాయిడ్, కాన్పు సమయంలో వచ్చే గుండె బలహీనత వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. షుగర్ ఉన్నవారిలో నరాలు మొద్దుబారడం వల్ల గుండెపోటు నొప్పి తెలియకుండానే వచ్చి పోవచ్చు. అందువల్ల "ఎప్పుడూ ఛాతీ నొప్పి రాలేదు" అనే ఒక్క మాటతో బ్లాకులు లేవనుకోకూడదు. యాంజియోగ్రామ్ చేశారా, చేస్తే ఏమి తేలింది అన్నది స్పష్టంగా కాగితం మీద ఉండాలి.

షుగరే స్వయంగా గుండె కండరాన్ని పాడుచేయగలదన్న సంగతి కూడా కొత్తది కాదు. బ్లాకులు గానీ, రక్తపోటు గానీ లేకుండానే గుండె వైఫల్యం (ఒంటికి చాలినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం) వచ్చిన నలుగురు షుగర్ రోగుల గురించి అమెరికా వైద్యులు 1972లోనే రాశారు. షుగర్ ఉన్న మగవారిలో గుండె వైఫల్యం సుమారు రెండింతలు, ఆడవారిలో సుమారు ఐదింతలు ఎక్కువగా కనిపిస్తోందని 1974లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊరివారి మీద జరిగిన అధ్యయనం చూపింది. మూలకణాల మీద జరిగిన పరిశోధనలు కూడా ఈ రకాల వారీగా విడివిడిగా జరిగాయి కనుక, బ్లాకుల రోగికి వచ్చిన ఫలితాన్ని చూపించి డైలేటెడ్ కార్డియోమయోపతి రోగికి ఆశ పెట్టడం సరికాదు. జబ్బు పేరు తెలియకపోతే ఆ తేడాను మీరు పట్టుకోలేరు.

మూలకణాలు గుండెలో చేసే పని

ఎక్కించిన కణాలు గుండె కండరంగా మారిపోతాయన్నది చాలామంది నమ్మకం. పెద్దవారి గుండె కండర కణాలు పుట్టేది చాలా తక్కువ. 25 ఏళ్ళ వయసులో ఏడాదికి సుమారు 1 శాతం, 75 ఏళ్ళకు అందులో సగం కంటే తక్కువ మాత్రమే కొత్తవి వస్తాయని 2009లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. గుండెలోనే మూలకణాలు ఉన్నాయని, వాటితో కండరాన్ని తిరిగి పెంచవచ్చని ఒక ప్రయోగశాల ఏళ్ళ తరబడి చెప్పింది. ఆ ప్రయోగశాల ప్రచురించిన 31 పత్రాలను ఉపసంహరించుకోవాలని 2018లో హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి కోరాయి. ఆ వాదాన్ని ఇప్పటికీ కరపత్రాల్లో వాడుకునేవారు ఉన్నారు కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎముక మజ్జ నుంచి తీసి గుండెకు చేర్చిన కణాల్లో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కనిపించకుండా పోతాయి. ప్రయోజనమంటూ ఉంటే, అది అవి విడుదల చేసే రసాయన సంకేతాల వల్ల, వాటి రాకతో కదిలే రోగనిరోధక వ్యవస్థ వల్ల వస్తుందని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. 2020లో ఎలుకలపై జరిగిన ఒక ప్రయోగంలో, ప్రాణం లేని కణాలు ఎక్కించినా గుండె గాయం కొంత మెరుగుపడింది. మన వ్యవసాయపు మాటల్లో చెప్పాలంటే, ఈ కణాలు మొలిచే విత్తనాల కన్నా ఎరువుకే దగ్గర. షుగర్ ప్రభావం కూడా ఇక్కడి నుంచే అర్థమవుతుంది, ఎందుకంటే షుగర్ ఎరువునూ పాడుచేస్తుంది, నేలనూ పాడుచేస్తుంది.

షుగర్ అడ్డుపడే చోట్లు

మొదటి చోటు ఎముక మజ్జ. కళ్ళలో, కిడ్నీల్లో, పాదాల్లో సన్న రక్తనాళాలు దెబ్బతింటాయని షుగర్ ఉన్న ఇంట్లో అందరికీ తెలుసు. మజ్జలో కూడా అదే జరుగుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే మజ్జలోని కేశనాళికలు తగ్గిపోతాయి, కొవ్వు పేరుకుంటుంది, అక్కడి సన్న నరాలు బలహీనపడతాయి. మూలకణాలు మజ్జలో నుంచి రక్తంలోకి ఎప్పుడు బయలుదేరాలో చెప్పే సంకేతాలు ఆ నరాల ద్వారానే కొంత నడుస్తాయి కనుక, షుగర్ ఉన్నవారిలో కణాలు మజ్జలోనే చిక్కుపడిపోతాయి. కణాలను రక్తంలోకి రప్పించే ఇంజెక్షన్ ఇచ్చినా, షుగర్ రోగుల్లో తక్కువ కణాలే బయటికి వస్తాయని 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. అంటే మజ్జ తీసే రోజున మీ మనిషి ఒంటి నుంచి వచ్చే సరుకే తక్కువగా ఉండవచ్చు.

రెండో చోటు ఆ కణాల పనితనం. లెక్కకు వచ్చిన కణాలైనా చురుకుగా ఉంటాయా అంటే, అదీ అనుమానమే. రక్తనాళాల లోపలి పొరను బాగుచేసే కణాలను టైప్ 2 షుగర్ రోగుల నుంచి సేకరించి పరీక్షించినప్పుడు అవి తక్కువగా పెరిగాయని, గోడకు సరిగా అంటుకోలేదని, కొత్త నాళికలు అల్లే శక్తి తగ్గిందని 2002 నాటికే తేలింది. చక్కెర ఎక్కువైన చోట ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, ప్రొటీన్లకు చక్కెర అంటుకుని తయారయ్యే ముద్దలు కణాల ఉపరితలం మీది గ్రాహకాలను తట్టి లోపల మంట రేపుతాయి. దీనివల్ల కణాలు వయసుకు మించి ముసలివైపోతాయి. గుండెలో గాయపడిన చోటు "ఇటు రండి" అని పంపే రసాయన పిలుపును అందుకుని అటు కదలడం కూడా వాటికి కష్టమవుతుంది.

మూడో చోటు గుండె కండరమే. షుగర్ గుండెలో పీచు కణజాలం పెరుగుతుంది, కొల్లాజన్ పోగులు చక్కెరతో ముడులు పడి బిగుసుకుపోతాయి, సన్న రక్తనాళాలు పలచబడతాయి, కండరం ఇంధనంగా చక్కెరను వదిలి కొవ్వు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆరోగ్యవంతుడి నుంచి మంచి కణాలు తెచ్చి అక్కడ దించినా, వాటికి రక్తం అందాలి, చుట్టూ మంట తక్కువగా ఉండాలి. గట్టిపడిన చౌడు నేలలో ఎంత మంచి ఎరువు వేసినా ఒకసారికే పచ్చదనం రాదని రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంకొకటి ఉంది. దీనికి ప్రత్యేకంగా కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో అందరూ పొరబడింది ఇక్కడే. గత మూడు నెలలుగా షుగర్ బాగుంది కనుక కణాలు కూడా బాగుపడి ఉంటాయని మేము అనుకున్నాం. శరీరం పాత చక్కెరను అంత త్వరగా మరచిపోదు. అమెరికా, కెనడాలలో టైప్ 1 రోగులతో 1983 నుంచి 1993 వరకు నడిచిన ఒక పెద్ద అధ్యయనంలో మొదట గట్టి నియంత్రణలో ఉన్నవారికి, ఆ తరువాతి ఏళ్ళలో రెండు బృందాల చక్కెర సమానమైపోయినా, కంటి, కిడ్నీ, గుండె సమస్యలు తక్కువగానే వచ్చాయి. దీన్నే జీవక్రియ జ్ఞాపకం అంటారు. మంచి నియంత్రణ తాలూకు మేలు నిలిచినట్లే, పాత అశ్రద్ధ తాలూకు గుర్తు కూడా కణాల్లో నిలుస్తుంది. అందువల్ల ఇప్పటి రిపోర్టుతో పాటు, షుగర్ మొదలై ఎన్నేళ్ళయింది, మధ్యలో ఎన్నేళ్ళు అదుపు తప్పింది అన్న చరిత్రను కూడా డాక్టరుగారికి రాసి ఇవ్వండి. మా బావగారు మొదటి ఏడేళ్ళు మందులు సరిగా వేసుకోలేదన్న మాట మా అక్క దాచిపెట్టింది. దాన్ని తప్పుపట్టడానికి ఎవరూ అడగరు. అది కణాల వయసును అంచనా వేయడానికి అవసరమయ్యే సమాచారం.

తన కణాలా, ఇతరుల కణాలా

పై సంగతుల నుంచి సహజంగా పుట్టే ప్రశ్న ఇది. రోగి మజ్జ నుంచి తీసిన కణాలను ఒంట్లో ప్రతిఘటన ఉండదన్న సౌలభ్యంతో వాడతారు. డైలేటెడ్ కార్డియోమయోపతి రోగులకు వారి సొంత మజ్జ కణాలను గుండె రక్తనాళాల్లోకి ఎక్కించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. దాని దీర్ఘకాల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. పంపింగ్ సగటున 5, 6 శాతం మేర పెరిగిందని అందులో చెప్పారు. 28 శాతం ఉన్న మనిషికి అది 33, 34 కావడం అన్న మాట. దీన్ని తక్కువ చేయడం లేదు గానీ, "కొత్త గుండె" అనే మాటకు, దీనికి ఉన్న దూరం చూడండి.

2017లో మయామీ విశ్వవిద్యాలయం వారు 37 మంది డైలేటెడ్ కార్డియోమయోపతి రోగుల్లో కొందరికి సొంత కణాలు, కొందరికి ఆరోగ్యవంతులైన దాతల కణాలు ఇచ్చి పోల్చారు. పంపింగ్ దాత కణాల బృందంలో సుమారు 8 పాయింట్లు, సొంత కణాల బృందంలో సుమారు 5 పాయింట్లు పెరిగింది. అయితే సంఖ్య చిన్నది కావడం వల్ల ఆ రెండు బృందాల తేడా గణాంకపరంగా రుజువు కాలేదు. 2023లో ప్రచురితమైన మరింత పెద్ద ట్రయల్‌లో, ఆరోగ్యవంతులైన దాతల కణాలను క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో గుండె కండరంలోకే ఇచ్చారు. 537 మందిలో ఫలితాలు లెక్కించగా, గుండె వైఫల్యంతో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రి పాలు కావడం తగ్గుతుందన్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. గుండెపోటు, పక్షవాతం మాత్రం తగ్గినట్లు కనిపించింది.

షుగర్ చాలాకాలంగా ఉన్నవారికి దాత కణాలే మేలన్న వాదనకు తర్కం ఉంది. నాకు కూడా అదే సబబుగా అనిపిస్తుంది. అయినా ఒక్కటి తప్పక అడగాలి. దాత కణాల వల్ల రోగి రక్తంలో ప్రతిరక్షకాలు తయారైతే, రేపు గుండె మార్పిడి అవసరమైన రోజున సరిపోయే గుండె దొరకడం కష్టం కావచ్చు. రోగి వయసు తక్కువై, మార్పిడి జాబితాలోకి వెళ్ళే అవకాశం ఉంటే ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

ముందు మూడు నెలలు చేయవలసిన పని

మూలకణాల మాట ఎత్తక ముందే, రుజువైన చికిత్స పూర్తిగా అందిందా అని చూడాలి. పంపింగ్ తగ్గిన గుండెకు నాలుగు రకాల మందులు వాడతారు: సాక్యుబిట్రిల్-వాల్సార్టన్ లేదా దానికి బదులు వాడే మందు, మెటోప్రోలాల్ లేదా కార్వెడిలాల్ వంటి బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్ వంటిది, చివరగా డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. చివరి రెండూ షుగర్ మందులుగా మొదలై, 2019, 2020లలో వచ్చిన ట్రయల్స్ తరువాత, షుగర్ లేనివారికి కూడా గుండె మందులుగా స్థిరపడ్డాయి. షుగర్, గుండె జబ్బు రెండూ ఉన్న మనిషికి ఇంతకన్నా ఉపకారం చేసే మాత్ర అరుదు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో ముగిసింది కనుక ధర కూడా బాగా తగ్గింది. ఈ నాలుగూ తగిన మోతాదుకు చేరి కనీసం మూడు నెలలు గడిచాక మళ్ళీ ఎకో తీయిస్తే, చాలామందిలో పంపింగ్ దానంతట అదే పెరిగి కనిపిస్తుంది. మా బావగారిది 28 నుంచి 37కి వచ్చింది. మహారాణిపేటలోని కేజీహెచ్ హృద్రోగ విభాగంలో గానీ, మీరు నమ్మిన మరో కార్డియాలజిస్టు దగ్గర గానీ ఈ నాలుగింటిలో ఏది లేదో, ఎందుకు లేదో అడగండి.

అదే సమయంలో షుగర్ మందుల పట్టీని కూడా చూపించాలి. పియోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలబెడుతుంది కనుక గుండె వైఫల్యం ఉన్నవారికి తగదు. సాక్సాగ్లిప్టిన్‌తో గుండె వైఫల్యపు చేరికలు పెరిగాయని 2013లో తేలింది. గుండె డాక్టరు ఒకరు, షుగర్ డాక్టరు ఒకరు అయినప్పుడు ఒకరి చీటీ మరొకరు చూడకపోవడం మామూలే. ఆ రెండు చీటీలనూ ఒకే కవరులో పెట్టుకుని వెళ్ళడం ఇంటివాళ్ళ పని.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) సాధారణంగా 7 దగ్గర ఉండాలని చెబుతారు. పెద్ద వయసువారికి, తరచు షుగర్ పడిపోయేవారికి డాక్టరుగారు కొంత సడలిస్తారు. చక్కెర 70 కన్నా తగ్గడం బలహీనమైన గుండెకు ప్రమాదం. పైగా బీటా బ్లాకర్ వేసుకునేవారిలో గుండెదడ తెలియక, చెమట ఒక్కటే హెచ్చరికగా మిగలవచ్చు. విశాఖ ఉక్కపోతలో ఆ చెమటను కూడా ఎండ చెమట అనుకునే ప్రమాదముంది కాబట్టి, అనుమానం వస్తే వేలి రక్తం చూడాలి. మరో జాగ్రత్త కూడా ఉంది. రక్తహీనత ఉన్నా, మన మన్యం ప్రాంతంలో కనిపించే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త లక్షణం ఉన్నా హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు. అలాంటివారు రోజువారీ రీడింగులను కూడా రాసి చూపాలి. ఇనుము లోపం గుండె వైఫల్యంలో తరచుగా ఉంటుంది, దానికి వేరే చికిత్స ఉంది కనుక ఫెరిటిన్ పరీక్ష అడగడం రెండు విధాలా మంచిది.

తిండి విషయంలో మన ప్రాంతపు అలవాట్లే పేచీ పెడతాయి. అనకాపల్లి బెల్లం పంచదార కాదు కాబట్టి పరవాలేదని చాలామంది అనుకుంటారు. రక్తంలో చక్కెరను పెంచడంలో ఆ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు ఉప్పును తెచ్చి కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో నీరు నింపుతాయి. స్పైరనోలాక్టోన్ వేసుకునేవారు రోజూ కొబ్బరినీళ్ళు తాగితే పొటాషియం పెరగవచ్చు. తెల్లవారుజామున వాహనాలు ఆపే ఆర్కే బీచ్ రోడ్డు మీద, ఆయాసం రాని మేరకు, చదునైన చోట నడవడం మంచిది. పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఇసుకలో చెప్పులు లేకుండా నడవకూడదు.

అనుమతి, డబ్బు

భారతదేశంలో గుండె కండర జబ్బుకు మూలకణ చికిత్స ఆమోదం పొందిన వైద్యం కాదు. అది పరిశోధన మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి ప్రయోగం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి, దానికి రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. అందువల్ల ఎవరైనా ధర చెప్పిన క్షణంలోనే మీకు సగం జవాబు దొరికినట్లే. మిగిలిన సగానికి సీటీఆర్‌ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ సంఖ్య, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, నైతిక సమితి ఆమోదం, మూలకణ పరిశోధన కోసం సంస్థలో ఉండే ప్రత్యేక సమితి ఆమోదం అడగండి. సీటీఆర్‌ఐ సంఖ్యను ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే, ట్రయల్ ఏ జబ్బుకో, ఏ ఊళ్ళో జరుగుతోందో, ఎవరిని చేర్చుకోరో కనిపిస్తుంది. చేర్చుకోని వారి జాబితాలో షుగర్ గురించి ఏమి రాశారో ముందుగా చదవండి. అదుపులో లేని షుగర్ ఉన్నవారిని చాలా ట్రయల్స్ తీసుకోవు.

సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమని అడగండి. సంతకం అదే రోజు పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని, చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే వారితో బిగ్గరగా చదివించుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, పరిహారం ఎలా ఇస్తారో 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం అందులో రాసి ఉండాలి.

ట్రయల్‌లో చేరే రోజు వస్తే

కంటి రెటీనా పరీక్ష ముందే చేయించండి. కొత్త రక్తనాళాలను ప్రేరేపించే చికిత్సలు, షుగర్ వల్ల ఇప్పటికే కంటిలో పిచ్చినాళాలు పెరుగుతున్నవారికి హాని చేస్తాయన్న భయంతో అలాంటివారిని ట్రయల్స్‌లో తరచు పక్కన పెడతారు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, పాదాల పుండ్లు, పంటి చీము కూడా చూడాలి. షుగర్ ఉన్న ఒంట్లో మజ్జ తీసిన చోటు గానీ, తొడలోని క్యాథెటర్ చోటు గానీ చీము పడితే మానడానికి చాలా రోజులు పడుతుంది.

డాపాగ్లిఫ్లోజిన్ రకం మందును ప్రొసీజర్‌కు సాధారణంగా మూడు రోజుల ముందు ఆపమంటారు. ఉపవాసంతో కలిసినప్పుడు, చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. కిడ్నీ బలహీనంగా ఉంటే కాంట్రాస్ట్ రంగు వాడే రోజున మెట్‌ఫార్మిన్‌ను కూడా కొద్దికాలం ఆపుతారు. ఏ మందు ఏ తేదీన ఆపాలో, తిరిగి ఏ తేదీన మొదలుపెట్టాలో డాక్టరుగారి చేత రాయించుకోండి. ఆపిన మందును మళ్ళీ మొదలుపెట్టడం మరచిపోవడం వల్ల జరిగే నష్టం, కణాల వల్ల వచ్చే లాభాన్ని మింగేయగలదు.

ఇంటికి వచ్చాక రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత, టిఫిన్‌కు ముందు, ఒకే రకమైన బట్టలతో బరువు చూసి, పక్కనే ఫాస్టింగ్ షుగర్, రక్తపోటు రాసే నోటుపుస్తకం పెట్టండి. రెండు మూడు రోజుల్లో బరువు 2 కిలోలు పెరిగినా, రాత్రి పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకోవలసి వచ్చినా అదే రోజు డాక్టరుగారికి ఫోన్ చేయాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె కొట్టుకోవడం గతి తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వారికి ట్రయల్ గుర్తింపు కార్డును, ఆ నోటుపుస్తకాన్ని కలిపి అందించాలి.